ఫోర్జా హొరైజన్ 5 (కార్ రేసు గేమ్): ‘ఏ’ క్లాసులో పాయింట్లు ఇంజిన్‌కు పెట్టాలా, టైర్లకు పెట్టాలా?

నల్లగొండ_నైట్రో

నమస్తే అన్నలూ. గేమ్‌లో 1994 మాజ్దా ఎంఎక్స్-5ను ‘ఏ’ క్లాసుకు తయారు చేస్తున్నాను. కొన్నప్పుడు అన్నిటికన్నా కిందిదైన డీ క్లాసులో ఉండే చిన్న బండి అది. ‘ఏ’ క్లాసు హద్దు 800 పీఐ (బండి సత్తాకు గేమ్ ఇచ్చే పాయింట్లు). మధ్యలో ఉన్న పాయింట్లు ఎక్కడ ఖర్చు పెట్టాలన్నదే నా ప్రశ్న. టర్బో, క్యామ్, ఎగ్జాస్ట్ వేసి ఒక బిల్డు చేశాను, పికప్ అదిరిపోయింది. అదే 800లో టైర్లకు, బరువు తగ్గించడానికి ఎక్కువ పెట్టి ఇంకోటి చేశాను. ఊరి సందుల్లో రెండోది ముందుంటోంది, హైవే మీద మొదటిది. మీరైతే రెండూ ఉంచుకుంటారా, మధ్యస్తంగా ఒకటే చేసుకుంటారా?

పాలమూరు_పిల్లగాడు

రెండూ ఉంచుకో తమ్మీ. పీఐ అంటే బండి మొత్తానికి గేమ్ వేసే ఒక లెక్క. నువ్వు ఏ ట్రాక్ మీద దింపుతావో దానికి తెలియదు. అందుకే 800 అని రాసి ఉన్న రెండు బండ్లు ఒక్క తీరుగా పోవు. గేమే పార్టులు ఎంచి వేసే ఆటో అప్‌గ్రేడ్‌ను నేను నమ్మనిది కూడా అందుకే. క్లాసుకు తెచ్చి పెడుతుంది గానీ, ట్రాక్ సంగతి అది చూడదు.

నా పద్ధతి ఇది. ముందు టైర్లు. తర్వాత బరువు. ఆ తర్వాత రేస్ యాంటీ రోల్ బార్లు (మలుపులో బండి ఒరగకుండా ఆపే కడ్డీలు), రేస్ డిఫరెన్షియల్ (చక్రాలకు పవర్ పంచేది), ఎందుకంటే ఇవి వేస్తేనే ట్యూనింగ్‌లో ఆ మీటలు చేతికొస్తాయి. మిగిలిన పాయింట్లు ఇంజిన్‌కు. చివర్లో 795 దగ్గర ఆగిపోతే ఫ్లైవీల్, ఆయిల్ కూలింగ్ లాంటి చిన్న పార్టులు ఒక్కొక్కటి మార్చి చూసి 800కు తెస్తాను. ఆన్‌లైన్‌లో అవతలివాళ్లంతా నిండు 800తో వస్తారు. ఆ ఐదు పాయింట్లు వదులుకోవడం నాకు మనసొప్పదు.

గద్వాల_గేర్

అన్నా, ఏడబ్ల్యూడీ (నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే సెటప్) మాట ఎవరూ ఎత్తలేదేం? స్టార్టింగ్‌లోనే నలుగురిని దాటేయొచ్చు. వాన పడే సీజన్‌లో వెనక చక్రాల బండి పట్టుకోవాలంటే టెన్షన్.

మిర్యాలగూడ_లారీ

గద్వాల తమ్ముడూ, మట్టి రేసులకైతే నీతో ఏకీభవిస్తాను. ర్యాలీ టైర్లు, ఏడబ్ల్యూడీ, ఇంకో ఆలోచన లేదు. తారు రోడ్డు మీద మాత్రం ఎంఎక్స్-5 లాంటి తేలిక బండికి నేను వేయను. ఏడబ్ల్యూడీ వేస్తే బరువు పెరుగుతుంది. అప్‌గ్రేడ్ స్క్రీన్‌లో ముందు భాగం బరువు ఎంత శాతమో చూపిస్తుంది కదా, పెద్ద ఇంజిన్ కూడా వేసి ఆ అంకె చూడు, ఎంత మారిందో తెలుస్తుంది.

మాది లారీల ఇల్లు. రైస్ మిల్లు దగ్గర బస్తాలు ఎక్కించేటప్పుడు బరువు ఒక పక్కకు పడితే మా నాన్న మళ్లీ సర్దించేదాకా స్టీరింగ్ ముట్టడు. గేమ్‌లో బండికీ అంతే, బరువు ఎక్కడ కూర్చుందన్నదే మలుపులో తేలుతుంది. బరువు తగ్గిస్తే పికప్, బ్రేకు, మలుపు మూడూ బాగుపడతాయి. ఇంజిన్‌కు పెట్టిన పాయింటు ఒక్క వేగానికే పనికొస్తుంది.

సూర్యాపేట_65

అందరూ పార్టుల దగ్గరే ఆగిపోయారు. బండి ఏం అడుగుతుందో టెలిమెట్రీలో (నడుపుతుండగా బండి లెక్కలు చూపించే స్క్రీన్) కనపడుతుంది, అది తెరిచి నడపండి. టైర్ల వేడి చూపించే పేజీలో ఒక్కో టైరుకు లోపలి అంచు, నడుమ, బయటి అంచు వేరువేరుగా ఉంటాయి. పొడవైన కుడి మలుపు ఒకటి ఎంచుకో. మలుపు సగంలో ఉండగా ముందు ఎడమ టైరు చూడు. బయటి అంచు మిగతా రెండింటికన్నా బాగా వేడెక్కితే టైరు ఆ అంచు మీదే ఒరిగి పోతోందన్నమాట. నెగటివ్ క్యాంబర్ (టైరు పైభాగం లోపలికి వంగి ఉండటం) కొంచెం పెంచు. లోపలి అంచే కాలిపోతుంటే తగ్గించు.

స్టీరింగ్ తిప్పినా బండి ముందు భాగం బయటికే పోతుంటే ముందు యాంటీ రోల్ బార్ మెత్తగా చెయ్యి, లేదా వెనకది గట్టిగా చెయ్యి. వెనక భాగం తిరిగిపోతుంటే దీనికి తలకిందులు. ఒకసారికి ఒక్కటే మార్చు. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో ఎవరూ చెప్పలేరు.

గేరు సంగతి కూడా. స్పోర్ట్ గేర్‌బాక్స్ వేస్తే ఫైనల్ డ్రైవ్ (అన్ని గేర్లకూ కలిపి పనిచేసే నిష్పత్తి) మార్చుకోవచ్చు, ఒక్కో గేరు విడిగా కావాలంటే రేస్ గేర్‌బాక్స్ వేయాలి. ఎక్కువసార్లు ఫైనల్ డ్రైవ్ ఒక్కటే సరిపోతుంది, ఆ పాయింట్లు టైర్లకు మిగులుతాయి. ట్రాక్‌లో అన్నిటికన్నా పొడుగు స్ట్రెయిట్ చివర పై గేరులో సూది ఎర్ర గీతకు దగ్గరగా రావాలి. చాలా ముందే వస్తే ఫైనల్ డ్రైవ్ అంకె తగ్గించు. గోలియత్ లాంటి రేసుకు మాత్రం లెక్క వేరు, మ్యాప్ చుట్టి వచ్చే రూటు, టాప్ స్పీడ్ లేకపోతే కష్టం.

గద్వాల_గేర్

సూర్యాపేట అన్నా, ఇంత కష్టం ఎందుకు, షేర్ కోడ్ కొట్టి వేరేవాళ్లు చేసిన మంచి ట్యూన్ దించుకుంటే అయిపోదా?

సూర్యాపేట_65

దించుకో, తప్పేం లేదు. కానీ అది లాక్ అయి వస్తుంది, లోపలి అంకెలు కనపడవు. నీ చేతికి పడకపోతే మార్చుకునే దారి ఉండదు.

పాలమూరు_పిల్లగాడు

ఇంకో మాట. కొత్తగా ట్యూనింగ్ నేర్చుకునేవాళ్లు బీ క్లాసులో, అంటే 700 లోపల మొదలుపెడితే మేలు. ‘ఏ’కు పైనున్న ఎస్1, ఎస్2 క్లాసుల్లో వేగం ఎక్కువ, ఏ మార్పు ఏం చేసిందో గమనించేలోపే మలుపు అయిపోతుంది. బీలో పవర్ తక్కువ కాబట్టి మలుపులో వేగం పోగొట్టుకుంటే మళ్లీ రాదు, మంచి ట్యూన్ ఏదో తేడా స్పష్టంగా దొరుకుతుంది. గేమ్‌లోని గ్రాన్ కాల్డెరా అగ్నిపర్వతం మీది నుంచి కిందికి ఒకసారి బీ క్లాసు బండిలో దిగి చూడండి. మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్ చూసినవాళ్లకు ఆ మలుపులు బాగా నచ్చుతాయి.

నల్లగొండ_నైట్రో

అన్నలందరికీ థ్యాంక్స్. టైర్ల బిల్డు మీదే కూర్చున్నాను. సూర్యాపేట అన్న చెప్పినట్టే ముందు ఎడమ టైరు బయటి అంచు వేడెక్కుతోంది. క్యాంబర్ పెంచి, ముందు బార్ మెత్తగా చేసి, రైవల్స్‌లో (ల్యాప్ టైంతో పోటీ పడే మోడ్) ఒకే ట్రాక్ మీద పోల్చి చూశాను. ల్యాప్ టైం దిగింది, మలుపు మధ్యలో ఇప్పుడు యాక్సిలరేటర్ వదలాల్సిన పని లేదు. హైవే రేసులకు టర్బో బిల్డును వేరే పేరుతో దాచాను. గద్వాల అన్నా, వాన సీజన్‌కు నీ ఏడబ్ల్యూడీ సెటప్ కూడా చూడాలని ఉంది, ఏ టైర్లు వాడుతున్నావో చెప్పు.

గద్వాల_గేర్

ర్యాలీ టైర్లే తమ్మీ, తారు మీద కూడా. ఆదివారం రాత్రి కాన్వాయ్ (అందరం కలిసి నడిపే గ్రూపు) పెడతాను, బీ క్లాసు, 700. నీ వెనక చక్రాల బండే తీసుకురా. మిర్యాలగూడ అన్న కూడా రావాలి.

మిర్యాలగూడ_లారీ

తొమ్మిది దాటాక వస్తాను. ముందు తారు, తర్వాత మట్టి పెట్టు, రెండూ చూద్దాం.