ధరల లెక్కల్లో ఎక్స్ అంటే ధరా, సంఖ్యా?

పదోతరగతి పిల్ల తల్లి:
మా అమ్మాయికి "రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత" పాఠం నడుస్తోంది. సమీకరణాలు ఇస్తే టకటకా చేసేస్తుంది. మాటల్లో లెక్క ఇస్తే మాత్రం పెన్ను కదలదు. నిన్నటి లెక్క: పెద్ద నోటుపుస్తకం 40 రూపాయలు, చిన్నది 25. మొత్తం 20 పుస్తకాలకు బిల్లు 620. ఏవి ఎన్ని? తను "ఎక్స్ = పెద్ద పుస్తకం, వై = చిన్న పుస్తకం" అని రాసి, కింద ఎక్స్ + వై = 620 అని పెట్టింది. అదేమిటంటే "ముందు లెక్కలో ఎక్స్ అంటే ధరే కదా" అంటుంది. ఎలా చెప్పను?

కొట్టు బాబాయి:
ఎక్స్‌లూ వైలూ దేనికమ్మా! అన్నీ చిన్నవే అనుకో. 20 పాతికలు 500. బిల్లుకింకా 120 తక్కువ. ఒక చిన్నది తీసి పెద్దది పెడితే 15 పెరుగుతుంది. 120లో 15లు ఎనిమిది. పెద్దవి 8, చిన్నవి 12. అయిపోయింది.

ట్యూషన్ టీచర్:
బాబాయిగారూ, నోటిలెక్క భేషుగ్గా ఉంది. పరీక్షలో సమీకరణాలతో సాధించమంటే మాత్రం వాటికే మార్కులు!

అమ్మా, పేచీ అంతా "ఎక్స్ = పెద్ద పుస్తకం" దగ్గరే. పుస్తకం అంకె కాదు. దాని ధర అంకె, ఎన్ని కొన్నామన్నది అంకె. మా పిల్లల చేత "పెద్ద పుస్తకాల సంఖ్య ఎక్స్ అనుకొనుము" అని పూర్తిగా రాయిస్తాను. "సంఖ్య" అన్న మాట లేకపోతే ఆ పేజీ దిద్దను. చాదస్తమే అనుకోండి.

ధరా, సంఖ్యా అంటారా, ఏది అడిగారో అదే ఎక్స్. ఇక్కడ ధరలు ఇచ్చి, ఎన్నని అడిగారు. తర్వాత ప్రతి సమీకరణం పక్కనా అది రూపాయల లెక్కో, పుస్తకాల లెక్కో రాయమనండి:

ఎక్స్ + వై = 20 (పుస్తకాలు)
40 ఎక్స్ + 25 వై = 620 (రూపాయలు)

అలా రాస్తే, పుస్తకాల్ని కూడితే రూపాయలెలా వచ్చాయని పిల్లే అడుగుతుంది. ఇక రెండోదాన్ని 5తో భాగించి, మొదటిదాన్ని 5తో గుణించి తీసేస్తే 3 ఎక్స్ = 24.

ధరలు అడిగే రకానికి నాకిష్టమైన పాత లెక్కొకటుంది. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలోది. మన పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చింది ఆ గ్రంథాన్నే. 9 మాదీఫలాలు, 7 వెలగపండ్ల వెల 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్ల వెల 101. విడివిడిగా వెల ఎంత? ముందు రెండు సమీకరణాలూ కూడి చూడమనండి, తర్వాత తీసివేయమనండి.

పదోతరగతి పిల్ల తల్లి:
చేసిందండీ! కూడితే 16 చొప్పున 208, అంటే రెండు వెలలూ కలిపి 13. తీసివేస్తే తేడా 3. మాదీఫలం 8, వెలగపండు 5. ఇప్పుడు హుషారెక్కువై నోటుపుస్తకాల బిల్లు 630గా మార్చింది. పెద్దవి ఎనిమిదీ రెండు మూడోవంతులు వస్తున్నాయి.

కొట్టు బాబాయి:
ఈ ధరలకు 20 పుస్తకాల బిల్లు 500 మీద పదిహేనేసి చొప్పునే పెరుగుతుంది. 605, 620, 635... మధ్యలో 630 రాదు. కొట్టులో ఎవరైనా అలా రాసిస్తే, మళ్లీ కూడమని అడుగు తల్లీ.