మధుకేశ్వరరావు అనే పేరుకు అసలు అర్థం ఏమిటి?

జలుమూరు అబ్బాయి:
మాది శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలం. ఉద్యోగం బెంగళూరులో. పదిహేను రోజుల కిందట బాబు పుట్టాడు. ఇరవై ఒకటో రోజున పేరు పెడుతున్నాం. మా తాతగారి పేరు మధుకేశ్వరరావు. ఆయన పోయి రెండేళ్లయింది. బాబుకు ఆ పేరే పెట్టాలని నా పట్టు. మా ఆవిడది గుంటూరు వైపు. "ఈ పేరు నేనెక్కడా వినలేదు. కేశవరావునే ఎవరో తప్పు పలికి ఉంటారు" అంటోంది. తనను అనడానికి లేదు. ఒక ఆఫీసులో తాతగారి పేరు మధుకేశవరావు అని రాసేస్తే, పింఛను కాగితాల్లో అది మార్పించడానికి ఆయన ఏడాదిన్నర తిరిగారు. నేనూ రెండుసార్లు వెంట వెళ్లాను. "శ్వ బాబూ, శ్వ" అంటూ గుమాస్తా బల్ల మీద వేలితో రాసి చూపించేవారు.

ఇక్కడ నా కన్నడ మిత్రుడేమో, వాళ్ల బనవాసిలోనూ మధుకేశ్వరుడు ఉన్నాడు, లింగం తేనెరంగులో ఉంటుంది కాబట్టి ఆ పేరు అంటున్నాడు. మన శ్రీముఖలింగం గుడిలోని మధుకేశ్వర స్వామికీ తేనెతోనే సంబంధమా? తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

నరసన్నపేట మాస్టారు:
బాబూ, ముప్పై ఏళ్లు తెలుగు చెప్పాను, ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండలేను. మధు, ఈశ్వర కలిస్తే యణాదేశ సంధి జరిగి 'మధ్వీశ్వర' కావాలి. మరి నడుమ 'క' ఎక్కడిది? అది మధూకంలోది. సంస్కృతంలో మధూకం అంటే ఇప్పచెట్టు. మధూకంలో వెలసిన ఈశ్వరుడు మధూకేశ్వరుడు. జనం నోట దీర్ఘం పోయి మధుకేశ్వరుడయ్యాడు. బనవాసి వాళ్ల మాట వాళ్లది. మనకు మాత్రం చెట్టే మూలం.

స్థలపురాణం మీ తాతగారు చెప్పే ఉంటారు. శాపం వల్ల సవర గిరిజనులుగా పుట్టిన గంధర్వుల కథ. సవర దొరకు ఇద్దరు భార్యలు, పెరట్లో ఇప్పచెట్టు. శివభక్తురాలైన పెద్దావిడ వైపు కొమ్మ నుంచి రాలిన పూలు బంగారమయ్యేవి. సవతుల పోరు పడలేక ఆయన చెట్టు నరకబోతే, మొదట్లోంచి శివుడు ముఖంతో కనిపించాడు. అందుకే ఊరు శ్రీముఖలింగం. ఆ చెట్టు మొదలే లింగమైందని మన నమ్మకం.

వంశధార ఒడ్డున ఉన్న ఈ ఊరే తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం. మధుకేశ్వరుడితో పాటు సోమేశ్వరుడు, భీమేశ్వరుడు అక్కడున్నారు. 1863లో ఆ పక్కనే పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు ముఖలింగం గుడి శాసనాలు చదివినవారు. అలాంటి చోటి పేరు తప్పెలా అవుతుంది?

ఇంకొక్క మాట. మీ తాతగారు పుట్టకముందు ఇంట్లో ఏదైనా మొక్కు ఉందేమో కనుక్కో. పిల్లల కోసం మొక్కుకున్న కుమ్మరి చేసి తెచ్చాడని చెప్పే పెద్ద మట్టి గోలెం ఆ గుడిలో ఇప్పటికీ ఉంది. సంతానం లేనివాళ్లు దాన్ని చూసి మొక్కుకుంటారు. అలా పుట్టినవాళ్లకు స్వామి పేరు పెట్టుకోవడం మన వైపు ఆనవాయితీ.

సీతంపేట కోడలు:
మీ ఆవిడకు ఒక్కసారి ఇప్పపువ్వు చూపించండి అన్నయ్యా. నేను ఈ ఏజెన్సీకి కోడలిగా వచ్చాకే చూశాను. వేసవి మొదలయ్యాక తెల్లవారేసరికి చెట్టు కింద నేలంతా పూలే. లేత పసుపు, గుజ్జుగా, గోరంత ఉండి లోపల బోలుగా ఉంటాయి. నొక్కితే వేళ్లకు జిగురు అంటుకుంటుంది. నోట్లో వేసుకుంటే ముందు తీపి, తర్వాత కాస్త వగరు. సవర ఆడవాళ్లు చీకటితోనే బుట్టలు పట్టుకొని వచ్చి ఏరుకుంటారు. ఎండబెట్టి దాచుకుంటారు, గింజల నుంచి నూనె తీస్తారు. ఇంతమందికి తిండి పెట్టే చెట్టు పేరు మీ బాబుకు వస్తుంటే ఆలోచన ఎందుకు?

విజయనగరం ఆడపడుచు:
మా నాన్న పేరు కూర్మారావు. శ్రీకూర్మం స్వామి పేరు. హైదరాబాదులో అందరూ కుమారరావు అని రాస్తారు. ఒక్కటే సలహా. జనన ధ్రువపత్రంలో పేరు ఎక్కించేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలు కూడా మీరే కాగితం మీద రాసి ఇవ్వండి. ఆధార్‌కీ బడికీ అదే వాడండి. 'రావు' తీసేసి మధుకేశ్వర్ అన్నా బాగుంటుంది.

జలుమూరు అబ్బాయి:
మాస్టారూ, మీరు అడగమన్నాక నాయనమ్మకు ఫోన్ చేశాను. తాతగారి కంటే ముందు వాళ్లమ్మకు ముగ్గురు పిల్లలు పుట్టి పోయారట. ఆవిడ శివరాత్రి వెళ్లాక వంశధారలో చేసే చక్రతీర్థ స్నానానికి వచ్చి, తడిబట్టలతోనే ఆ గోలెం దగ్గర మొక్కుకుందట. మాకెవరికీ ఇన్నాళ్లూ చెప్పలేదు.

ఫోన్ స్పీకర్‌లో ఉంది, మా ఆవిడ అంతా విన్నది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పళ్లెంలో బియ్యం పోసుకొచ్చి, నా ఉంగరం తీసుకొని, పేరు రాయడం ప్రాక్టీసు చేసింది. 'శ్వ' దగ్గర ఆగి, వత్తు సరిగ్గా పడిందా అని నన్ను అడిగింది.