ఇంటి కథ అడిగే స్కూలు ప్రాజెక్టుకు మార్కులు వేయొచ్చా?

తునికాకు:
నమస్కారం అండీ. నేను ముంబై దగ్గర భివండీలో బీఎడ్ చేస్తున్నాను. వచ్చే సోమవారం తొమ్మిదో తరగతికి చరిత్ర ప్రాజెక్టు ఇవ్వాలి. టాపిక్ ‘మా కుటుంబం ఎక్కడి నుంచి వచ్చింది’, పది మార్కులు. పిల్లల్లో ఎక్కువమంది మరమగ్గాల కార్మికుల పిల్లలు, సగం మంది తెలుగువాళ్లే. ఇదే ప్రాజెక్టు ఆ వయసులో నేనూ చేశాను. అందుకే రెండు రోజులుగా టెన్షన్‌గా ఉంది. నా సంగతి చెప్తాను, మీరేమంటారో చెప్పండి.

నేను చదివింది ముంబైలో యూదుల ట్రస్టు నడిపే బడిలో. బడి వాళ్లదే గానీ మా క్లాసులో యూదుల పిల్ల ఒక్కతీ లేదు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో బెనె ఇజ్రాయెల్ అనే, మరాఠీ మాట్లాడే యూదులు దాదాపు 20,000 మంది ఉండేవాళ్లు. తర్వాత ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు, మిగిలింది కొన్ని వేల మంది. మా బెంచీల్లో ముస్లింల పిల్లలు, మరాఠీ పిల్లలు, నాలాంటి తెలుగు పిల్లలు. శనివారం సెలవు. గుమ్మం పక్కన మెజూజా, అంటే వాళ్ల లేఖనాలు రాసిన తోలు ముక్క దాచిన చిన్న గొట్టం, ఉండేది. దాన్ని తాకి లోపలికి వెళ్లడం మాకూ అలవాటైపోయింది.

ఆ ఏడాది మూడు ప్రాజెక్టులు. మొదటిది బైకుల్లాలోని మాగెన్ దావీద్ సినగాగ్ మోడల్. 1864లో డేవిడ్ ససూన్ అనే యూదు వ్యాపారి కట్టించిన నీలం రంగు ప్రార్థనాలయం, ముందు గడియార స్తంభం. థర్మోకోల్ కోసింది మా నాన్న, ఫెవికాల్ అందించింది నేను. 10కి 10.

రెండోది, పెద్దవాళ్లనెవరినైనా కలిసి మాట్లాడి రాయాలి. మా టీచర్ నన్ను ఆగ్రిపాడాలో ఒంటరిగా ఉండే ఒక బెనె ఇజ్రాయెల్ ఆజీ (మరాఠీలో అవ్వ) దగ్గరికి పంపారు. వెళ్లేసరికి ఆమె స్టీలు పళ్లెంలో తడిపిన అటుకులు, కొబ్బరి కోరు, చక్కెర, యాలకుల పొడి వేసి చేత్తో కలుపుతున్నారు. మలీదా అంటారట, ఎలియాహు ప్రవక్త పేరు మీద మొక్కు. నాకు దోసిట్లో పెట్టారు. మా ఇంట్లో కృష్ణాష్టమికి చేసే అటుకుల్లాగే ఉన్నాయి.

కొంకణ్ తీరంలో నవగావ్ దగ్గర ఓడ పగిలి ఏడుగురు మగవాళ్లు, ఏడుగురు ఆడవాళ్లు ఒడ్డుకు చేరారని, తాము వాళ్ల సంతతి అని వాళ్ల నమ్మకం. ఊళ్లలో గానుగ ఆడించి బతికారు. శనివారం గానుగ ఆపేవాళ్లు కాబట్టి చుట్టుపక్కలవాళ్లు ‘శనివార్ తేలీ’ అన్నారు. ఎవరో పెట్టిన ఆ పేరును ఆజీ ఎంత గర్వంగా చెప్పారో! తర్వాత వాళ్ల అక్క సంగతి చెప్పారు. ఇజ్రాయెల్ వెళ్లి పెళ్లి చేసుకోబోతే, నీ తల్లి ఎవరు, ఆమె తల్లి ఎవరు అని విచారించారట. బెనె ఇజ్రాయెల్ వాళ్లు వేరే యూదులను పెళ్లాడాలంటే తల్లివైపు వంశం కనుక్కోవాలని అక్కడి ప్రధాన రబ్బీల, అంటే యూదు మతగురువుల, కార్యాలయం 1962లో ఆదేశాలిచ్చింది. వీళ్లు ధర్నాలకు కూర్చున్నాక, 1964లో, మీరూ అందరిలాంటి యూదులేనని ప్రభుత్వం ప్రకటించింది. ఆజీ అన్నమాట నా నోట్‌బుక్కులో ఇప్పటికీ ఉంది: “అమ్మ పేరు చెప్పడానికి మాకు సిగ్గేంటి? పరీక్షలా అడిగారు చూడు, అది నొప్పి.”

పదకొండు పేజీలు రాశాను. ఫోటోలు అతికించలేదని, బార్డర్ గీయలేదని 10కి 6 వచ్చాయి.

మూడోదే అసలు సంగతి. కుటుంబం ఎక్కడి నుంచి వచ్చింది, ఇప్పుడు ఎక్కడుంది అని చార్టు మీద మ్యాపు గీయాలి. మా ముత్తాత నిజామాబాద్ జిల్లా నుంచి కూలికి వచ్చాడు. మా ఇల్లు కామాఠిపురాలో. భవనాలు కట్టడానికి నిజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కూలీలను ఇక్కడ కామాఠీలనేవాళ్లు, ఆ వాడకు పేరు మనవాళ్ల వల్లే వచ్చింది. తర్వాత అది వేశ్యావాటికగా పేరుపడింది. ఇప్పుడు ఆ పేరు చెబితే జనం ముఖాలు ఎలా మారతాయో ముంబై తెలిసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మా నాయనమ్మ అక్కడే గడపలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి రోజంతా బీడీలు చుట్టి ముగ్గురు పిల్లల్ని పెంచింది. ఆమెను వివరాలు అడిగితే “రాయకు బిడ్డా, బళ్లో నవ్వుతరు” అంది.

నేను మ్యాపులో మా పక్క పేట నాగ్‌పాడా పేరు రాశాను. నాయనమ్మ పని ‘కుట్టుపని’ అని రాశాను. రంగులు బాగా వేశాను. 10కి 9 వచ్చాయి, నెలంతా గోడ మీద వేలాడదీశారు. రోజూ ఆ అబద్ధం కింది నుంచి నడిచి నా బెంచీకి వెళ్లేదాన్ని.

మా బడి మీద ఫిర్యాదు కాదిది. ఆజీ దగ్గరికి పంపిందీ ఆ బడే. నా ప్రశ్న ఒక్కటే. ఇంటి కథకు మార్కు పెడితే, పిల్లలు చెప్పేది ఇంటి కథేనా, లేక మార్కు వచ్చే కథా?

ఓరుగల్లు మాస్టారు:
అమ్మా, చదివి మనసు బరువెక్కింది. అయినా నీతో ఏకీభవించను. ఇరవై రెండేళ్లుగా సోషల్ చెబుతున్నాను. మార్కులు లేవంటే ఆ ప్రాజెక్టు ఎవరూ చేయరు, ఇది అనుభవం. నలుగురు శ్రద్ధగలవాళ్లు చేస్తారు, మిగతావాళ్లు స్టేషనరీ షాపులో రెడీమేడ్ చార్టు కొనుక్కొస్తారు. నీకు ఆజీ దొరికింది కూడా పది మార్కుల ప్రాజెక్టు వల్లే కదా! తప్పు మార్కుది కాదు, దేనికి వేశారన్నది. బార్డర్‌కు మార్కులేంటి? ఎన్ని ప్రశ్నలు అడిగారు, ఎంతమందిని అడిగారు, విన్నదాన్ని ఎలా సరిచూసుకున్నారు, వీటికి వేయాలి.

ప్లేనో అమ్మ:
నేనైతే అసలు ఇవ్వొద్దంటాను అక్కా. మా బాబును మేం దత్తత తీసుకున్నాం. ఇక్కడ టెక్సస్‌లో రెండో తరగతిలో ఫ్యామిలీ ట్రీ ఇచ్చారు. ఆకుల మీద ఫోటోలు అంటించాలి. వాడు ఒక్కో ఆకూ చేతిలో పట్టుకుని “ఇది నా ఆకేనా?” అని అడిగాడు. ఏడేళ్ల పిల్లాడికి ఏం చెప్పాలి? విడిపోయిన తల్లిదండ్రులు, జైల్లో ఉన్న తండ్రి, చనిపోయిన తల్లి, ప్రతి క్లాసులో ఒకరిద్దరుంటారు. తెలుసుకోవడం మంచిదే, కానీ మన గడప దాటి లోపలికొచ్చే హక్కు బడికి ఎవరిచ్చారు?

విశాఖ కుర్రాడు:
నాకు వేరే డౌటు. యూదుల పిల్లలే లేని క్లాసుకు సినగాగ్ మోడల్ ఎందుకు? వాళ్ల ట్రస్టు కాబట్టి వాళ్ల చరిత్ర రుద్దుతున్నట్టు లేదా?

తునికాకు:
లేదు తమ్ముడూ. ఆ సినగాగ్ మేం రోజూ నడిచే దారిలో ఉంది. మన వీధిలో ఉన్నదాని గురించి చదివితే రుద్దడం ఎలా అవుతుంది? మమ్మల్ని మతం మారమని ఎవరూ అనలేదు. నాతోపాటు ఆ మోడల్ చేసిన ముస్లిం అమ్మాయి ఈ మధ్యే ఆ దారిలో వెళ్తూ ఫోటో తీసి పంపింది, మా నాన్న కోసిన గడియార స్తంభం గుర్తుందా అని.

చేబ్రోలు పక్కూరు:
ఆజీ మాట చదివి మా ప్రాంతం గుర్తొచ్చింది. గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదులున్నారు. చిన్న సినగాగ్ ఉంది, హీబ్రూ నేర్చుకుంటారు, ఇంట్లో మాట్లాడేది మన తెలుగే. ఇజ్రాయెల్ నుంచి తప్పిపోయిన తెగల్లో ఒకటైన ఎఫ్రాయిం వాళ్లమని చెప్పుకుంటారు. బయట నుంచి వచ్చే ప్రతివాడూ రుజువేది అనే అడుగుతాడు. మన ఊళ్లలో దళిత కుటుంబాలకు కులం సర్టిఫికెట్ దగ్గర ఎదురయ్యే చూపే అది. వంశం అడగడం అందరికీ ఒకేలా తగలదు. పెద్దింటి పిల్లాడికి అది గొప్ప చెప్పుకునే అవకాశం, పేదింటి పిల్లకు విచారణ. మాస్టారు గారూ, మీ మార్కుల పట్టికలో ఈ తేడా ఎక్కడ పెడతారు?

రమత్‌గాన్ శీను:
అన్నలకు, అక్కలకు నమస్తే. మాది జగిత్యాల. తొమ్మిదేళ్లుగా ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్ పని చేస్తున్న. నేను చూసుకునే సవ్తా, అంటే అవ్వ, ఇరాక్ నుంచి వచ్చిన యూదురాలు. 1950–51లో అక్కడి నుంచి దాదాపు 1,20,000 మందిని విమానాల్లో తెచ్చారు కదా, ఆ గుంపులో పదకొండేళ్ల పిల్లగా వచ్చింది.

ఇక్కడ ఏడో తరగతిలో చాలామంది పిల్లలకు దాదాపు ఇట్లాంటి ప్రాజెక్టే ఉంటది. షొరషిం అంటరు, అంటే వేర్లు. బార్ మిత్స్వా, బాత్ మిత్స్వా, అంటే పిల్లలు పెద్దోళ్లయిండ్రని యూదులు చేసే వేడుక, చేసుకునే వయసులో ఇస్తరు. పోయిన సంవత్సరం సవ్తా మనవడు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకుని వచ్చిండు. నేను చాయ్ పెడుతున్న. నాతోని ఎనిమిదేళ్లు ఉండి ఒక్కరోజు చెప్పని ముచ్చట్లు ఆ పిల్లగానికి చెప్పింది. బాగ్దాద్ ఇంటి మిద్దె మీద ఎండాకాలం నీళ్లు చల్లుకుని పండుకునేవాళ్లమని, ఇక్కడికొచ్చినంక మఅబరాలో, అంటే వలస వచ్చినవాళ్ల గుడారాల్లో, వానకు పరుపులు తడిసి వాళ్లమ్మ నిలబడే తెల్లారగట్టిందని. నేను గిన్నె దించడం మరిచిపోయిన, పాలు పొంగినయ్.

తర్వాత పిల్లగాడు “మీ తమ్ముడు ఏమయ్యిండు?” అని అడిగిండు. సవ్తా నా దిక్కు చూసి “శీనూ, నన్ను లోపలికి తీసుకపో” అన్నది. అంతే. ఆ రాత్రి అన్నం తినలేదు, మూడు రోజులు పడిపోయినట్టే ఉన్నది.

పిల్లగాడు మంచోడు. ఆ పేజీలో తమ్ముని పేరు రాసి కింద ‘సవ్తా ఇది చెప్పలేదు’ అని రాసి మిగతా అంతా ఖాళీగా వదిలిండు. వాళ్లమ్మకు టెన్షన్, ఖాళీ పేజీ పెడితే టీచర్ ఏమంటదో అని. టీచర్ ఆ పేజీని అట్లనే ఉంచిందట.

వద్దని ఎట్ల చెప్తం అక్కా? అడగకపోతే మిద్దె సంగతి కూడా సవ్తాతోనే పోయేది. నేను మా నాయన్ని ఇన్నేళ్లల్ల ఒక్కటి అడగలేదు, ఇప్పుడు అడుగుదామంటే లేడు.

ప్లేనో అమ్మ:
శీనూ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీరు చెప్పిన మనవడికి పన్నెండు పదమూడేళ్లు, మా వాడికి ఏడు. ఆ తేడా నేను చూడలేదు. అయినా ఆ మూడు రోజులు అవ్వ పడిన బాధకు ఎవరు జవాబుదారీ అన్నది నాకు మిగిలే ఉంది.

ఓరుగల్లు మాస్టారు:
చేబ్రోలు బాబూ, నీ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటున్నాను. నిజం చెప్పాలంటే నా పట్టికలో దానికి గడి లేదు. కానీ తునికాకు, నీకు ఒకటి చెప్పాలి. మార్కులు తీసేసినా ఆ రోజు నువ్వు కామాఠిపురా అని రాసేదానివా? మీ నాయనమ్మ భయం మార్కుల గురించి కాదు, నవ్వుతారని. ఆ నవ్వు ఆపాల్సింది టీచర్. మార్కు తీసేసి చేతులు దులుపుకుంటే చాలదు.

తునికాకు:
మాస్టారూ, ఈ మాట నాకు గట్టిగానే తగిలింది. నిజమే, మార్కులు లేకపోయినా రాసేదాన్ని కాదేమో, ఎందుకంటే గోడ ఉంది. నలభై మంది చదివే గోడ అది. నేను మార్కులనే తప్పుబడుతూ వచ్చాను, గోడను మరిచాను.

అయినా మార్కు విషయంలో నా మాట మార్చుకోను. మార్కు వేయాలంటే రెండు ఇళ్లను పక్కపక్కన పెట్టాలి. బీడీలు చుట్టిన ఇల్లు, ఆఫీసరు ఇల్లు. టీచర్ ఎంత మంచిదైనా ఆ రెండు చార్టులను ఒకే చూపుతో చూడగలదని నాకు నమ్మకం లేదు, నన్ను నేనే నమ్మను. ప్రశ్నలు అడిగిన తీరుకు మార్కులన్నారు కదా, అది వేరే పనికి వేద్దాం. పక్కవాడలో ఒక పెద్దమనిషిని కలవమందాం. మా ఆజీ లాంటి వాళ్లను, వాళ్లకు ఇష్టమైతేనే. దానికి పది మార్కులు. బార్డర్‌కు సున్నా.

ఇంటి సంగతి మాత్రం ఒక కవరులో రాసి నాకిస్తే చదువుతాను, మళ్లీ వాళ్లకే ఇచ్చేస్తాను. ఇవ్వకపోతే అడగను. పేజీ ఖాళీగా ఉంచొచ్చని ముందే బోర్డు మీద రాస్తాను. శీనన్నా, అది మీ సవ్తా మనవడి దగ్గర నేర్చుకున్నదే. మా గైడ్ మేడం ఒప్పుకుంటారో లేదో తెలీదు, రేపు వెళ్లి మాట్లాడతాను.

నాయనమ్మ 2019లో పోయింది. ఆ చార్టు ఇంకా మా ఇంట్లో అటక మీద ఉంది. నిన్న దింపి, నాగ్‌పాడా కొట్టేసి కామాఠిపురా అని రాశాను. కుట్టుపని కొట్టేసి బీడీలు అని రాశాను. చార్టు పేపరు పాతబడిపోయింది, స్కెచ్ పెన్ను ఇంకు అవతలి వైపుకు దిగింది.

రమత్‌గాన్ శీను:
ఫోటో పెట్టు అక్కా, సవ్తాకు చూపిస్తా. బీడీ అంటే ఏందో ఆమెకు చెప్పాలె.