కలకత్తా పాత రగ్బీ క్లబ్బు రికార్డులు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్తే. ఇంగ్లండ్, స్కాట్లాండ్ ఆడే కలకత్తా కప్పు గురించి చదువుతూ దాని వెనకున్న క్లబ్బు దగ్గర ఆగిపోయాను. 1873లో కలకత్తాలోని తెల్లవాళ్లు సరదాగా పెట్టుకున్న క్లబ్బు, నాలుగైదేళ్లకే మూతపడింది; బ్యాంకులో మిగిలిన డబ్బు వెండి రూపాయలుగా తీసుకుని, వాటిని కరిగించి, తాచుపాముల పిడులు, మూత మీద ఏనుగు ఉన్న కప్పు చేయించి 1878లో ఇంగ్లండ్ రగ్బీ యూనియన్‌కి ఇచ్చేశారు. (తలా కొంత పంచుకోలేదు, మెచ్చుకోవాలి!) టెన్నిస్, పోలో మోజు వల్ల పోయిందంటారు, ఉచిత మందు ఆపేశాకే జనం తగ్గారనీ అంటారు.

ఇంతకీ మామూలు సభ్యులెవరు, మ్యాచ్‌లు ఎలా జరిగేవి? కోల్‌కతా నేషనల్ లైబ్రరీలో ఆనాటి పేపర్లు చూసినవాళ్లుంటే, బయటి ఊరివాళ్లకి అనుమతి ఎలాగో చెప్పండి ప్లీజ్. వచ్చే నెల అక్కడ రెండు రోజులే ఉంటాను.