అప్‌డేట్: రెండు గంటలకే ఆగిపోయే లిథియం ఇన్వర్టర్ బ్యాటరీ సంగతి తేలింది

ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిందని కొన్న 12.8 వోల్టుల, 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే కెపాసిటీ లెక్క) బ్యాటరీ రెండు ఫ్యాన్లు, మూడు లైట్లకు రెండు గంటలే వస్తోందని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.

"లోడ్ మీద ఉండగా ఒక్కో సెల్ వోల్టేజ్ విడిగా చూడు" అన్న మాటే పనిచేసింది. బ్యాటరీ మెకానిక్ మూత తీసి మీటర్ పెట్టాడు. మూడు సెల్స్ 3.2 దగ్గర నిలబడ్డాయి, నాలుగోది చూస్తుండగానే 2.5కి జారింది. వెంటనే బీఎంఎస్ (బ్యాటరీ లోపల సెల్స్‌ని కాపాడే సర్క్యూట్) కరెంట్ కట్ చేసింది! ఆ సెల్ మీద క్యూఆర్ కోడ్ గీకేసి ఉంది, దాని స్క్రూ అయితే వేలితోనే తిరిగింది. బిగించినా పెద్దగా తేడా లేదు. కెపాసిటీ టెస్ట్‌లో వచ్చింది 41 ఏహెచ్.

ఇన్వర్టర్ సెట్టింగులకు, వైరింగ్‌కు దీంతో సంబంధమే లేదు. లావు కేబుల్ కొన్న డబ్బులు దండగ.

కస్టమర్ కేర్ వాళ్లు మూడుసార్లు "మీ ఇన్వర్టర్‌దే తప్పు" అని టికెట్ మూసేశారు. 1915కి (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) కంప్లైంట్ ఇచ్చాక తొమ్మిదో రోజు కస్టమర్ కేర్ వాళ్లే ఫోన్ చేశారు. మూత తీశారు కాబట్టి వారంటీ లేదన్నారు. తీసి ఫొటోలు పంపమని వాళ్లు పెట్టిన మెయిలే వాళ్లకు చూపించా. డెలివరీ ఛార్జీ తప్ప మిగతా డబ్బు నిన్న అకౌంట్‌లో పడింది.