ఈ-బుక్‌లు ఒక్క కంపెనీ చేతిలో ఉంటే తెలుగువాళ్లకు నష్టమా, కాదా?

అటక_పుస్తకం:
డబ్బు పెట్టి కొన్నంత మాత్రాన ఈ-బుక్ మనది అయిపోదు. 2009లో అమెజాన్ ‘1984’ నవలను కొన్నవాళ్ల కిండిల్స్‌లోంచి (అమెజాన్ అమ్మే ఈ-బుక్ రీడర్లు) చెప్పా పెట్టకుండా తీసేసింది. డబ్బు వెనక్కిచ్చింది, తర్వాత క్షమాపణ చెప్పింది. 2025 ఫిబ్రవరిలో, కొన్న పుస్తకాన్ని సైటు నుంచి కంప్యూటర్లోకి దించుకుని, కేబుల్‌తో కిండిల్‌లోకి ఎక్కించుకునే వీలు కూడా ఎత్తేసింది. మా అటక మీది పుస్తకం జోలికి షాపువాడు రాలేడు కదా.

గోదారి_గట్టు:
2009 కథ ఇంకా ఎన్నాళ్లు చెప్తారండీ? మా ఊళ్లో పుస్తకాల షాపే లేదు. డల్లాస్‌లో ఉన్న మా చెల్లి అర్ధరాత్రి కొనుక్కుని, అప్పటికప్పుడే చదువుతోంది.

చదువరి77:
మైక్రోసాఫ్ట్ కూడా 2019లో తన ఈ-బుక్ దుకాణం మూసేసి, అమ్మిన పుస్తకాలన్నీ తీసేసింది. డబ్బు ఇచ్చారు లెండి.

అటక_పుస్తకం:
డబ్బు సంగతి కాదు నేనంటున్నది. గోదారి గారూ, మీ చెల్లెలు చదివేది తెలుగు పుస్తకాలేనా?

గోదారి_గట్టు:
కాదు, ఇంగ్లీషువి. అయితే ఏంటి?

అటక_పుస్తకం:
అదే నా బాధ. 2016లో కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం మొదలుపెట్టారు. తెలుగు లేదు. ఏ భాషకు చోటివ్వాలో ఒక్క కంపెనీ తేలుస్తోంది. చోటు దొరికిన భాషల రచయితలకైనా, ఇండియా అమ్మకాల మీద 70 శాతం రాయల్టీ కావాలంటే ఆ ఈ-బుక్ ఇంకెక్కడా పెట్టకూడదు. లేదంటే 35 శాతమే. ఇక తెలుగు ఈ-బుక్‌లు అమ్మే మన కినిగె లాంటి చిన్నవాళ్లు ఎలా నిలబడతారు?

పల్లెపుట:
35 శాతమైనా నయమే. అచ్చు పుస్తకానికి నాకు ఇప్పటిదాకా పైసా రాలేదు.

గోదారి_గట్టు:
అటక గారూ, కోపం వచ్చింది కాబట్టి చెప్తున్నా. నేనూ రచయితనే. రెండేళ్లు కూర్చుని రాసిన నవల అచ్చు వేయించి, ఒక యాప్‌లో కూడా పెడితే అక్కడ మూడు నెలల్లో 11 కాపీలు అమ్ముడుపోయాయి. ఆలోపే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో దాని పీడీఎఫ్ వచ్చింది. అచ్చు పుస్తకాన్ని ఫోనుతో తీశారు. 43వ పేజీ అంచున ఎవరిదో బొటనవేలు కూడా పడింది. కింద ‘అద్భుతం, అందరూ చదవండి’ అని. ఒక్కరూ కొనలేదు. నన్ను ముంచింది కంపెనీ కాదు, పాఠకులు. ఈ-బుక్‌ని ఎవరూ కాపీ చేయకుండా గట్టి తాళం వేసే కంపెనీ ఒక్కటే ఉన్నా నాకు సమ్మతమే.

అటక_పుస్తకం:
ఆ దొంగతనం తప్పే. నేనూ అలాంటి పీడీఎఫ్‌లు చదివాను, క్షమించండి. కానీ ఆ తాళం వేసేది మీ పుస్తకానికి కాదండీ, కొన్న నాకు. నేను వేరే కంపెనీ రీడర్‌కి మారితే నా పుస్తకాలు నా వెంట రావు. మీ పీడీఎఫ్ అచ్చు ప్రతి నుంచే వచ్చిందంటున్నారు, మరి తాళం దాన్నెలా ఆపుతుంది?

గోదారి_గట్టు:
ఆపదు. ఆ మాట ఒప్పుకుంటా. కానీ మీకు కావలసింది కొన్న పుస్తకం చేతిలో ఉండటం. నాకు కావలసింది ముందు ఎవరైనా కొనడం. ఇంతసేపూ మనం వాదించుకున్నది ఒకే విషయం మీద కాదు.

చదువరి77:
నవల పేరేంటండీ? కొంటాను.