బిల్డరు ‘గ్రీన్ బిల్డింగ్’ అంటున్నాడు. ప్లాన్ దశలోనే ఏం అడగాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. హైదరాబాద్ పక్కన శంకర్‌పల్లి దగ్గర మాకు 600 గజాల స్థలం ఉంది, డెవలప్‌మెంట్‌కి ఇచ్చాం. స్టిల్టు మీద నాలుగు అంతస్తులు, 12 ఫ్లాట్లు. పడమర రోడ్డు. బ్రోషర్‌లో ‘గ్రీన్ బిల్డింగ్’ అని వేశారు. అంటే ఏంటని అడిగితే పైన సోలార్, కింద లాన్, ఒక ఇంకుడు గుంత అన్నారు. ప్లాన్ ఫైనల్ కావడానికి ఇంకో పది రోజులుంది. ఏం మార్పించుకోవాలి? ఖర్చు బాగా పెరిగితే మాత్రం బిల్డరు ఒప్పుకోడు.

జవాబు (సివిల్ ఇంజనీర్):
సోలార్ గురించి ఇప్పుడు టెన్షన్ వద్దండి, గృహప్రవేశం అయ్యాక కూడా పెట్టుకోవచ్చు. స్లాబు పడ్డాక మార్చలేనివి ముందు చూడండి.

మీకు అసలు సమస్య పడమర. దక్షిణపు ఎండకు రెండడుగుల సజ్జా చాలు, మధ్యాహ్నం సూర్యుడు ఎత్తులో ఉంటాడు కాబట్టి. పడమటి ఎండ ఏటవాలుగా నేరుగా గదిలోకి దూరుతుంది, సజ్జా దాన్ని ఆపలేదు. రోడ్డు వైపు బాగుంటుందని హాలుకు ఎనిమిదడుగుల గాజు స్లైడింగ్ పెడతారు. ఏప్రిల్‌లో సాయంత్రం నాలుగింటికి అలాంటి హాల్లో ఒకసారి కూర్చుని చూడండి, సోఫా కూడా వేడిగా తగులుతుంది. మెట్లు, లిఫ్టు, బాత్రూములు, బీరువాలు పెట్టే గోడలు పడమరకు జరపమనండి. గీతలు మార్చడానికి ఖర్చేం లేదు. బాల్కనీ తప్పదంటే లోతు అయిదడుగులైనా ఉంచి, బయటి అంచున మట్టి జాలీ (చిల్లుల గోడ) కట్టించండి.

కేంద్రం 2018లో ఇళ్ళ కోసం ‘ఎకో నివాస్ సంహిత’ తెచ్చింది. గోడలు, కిటికీల గుండా లోపలికొచ్చే వేడికి అందులో ఒక లెక్క ఉంది, ఆర్‌ఈటీవీ అంటారు. మన వాతావరణంలో అది చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదు. ‘మన ప్లాన్‌కి ఎంత వచ్చింది?’ అని ఆర్కిటెక్టును అడగండి. నంబరు చెప్తే లెక్క వేశారన్నమాట. నవ్వి ఊరుకుంటే గ్రీన్ అంతా బ్రోషర్‌లోనే ఉన్నట్టు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ సార్. ఓవర్‌హెడ్ ట్యాంకు నైరుతిలోనే ఉండాలని మా నాన్నగారి పట్టుదల. సోలార్‌కి అడ్డమా?

సివిల్ ఇంజనీర్:
చలికాలంలో మధ్యాహ్నం దాటాక దాని నీడ ఈశాన్యం వైపు సాగుతుంది. కాబట్టి ప్యానెళ్ళకు ఆగ్నేయం వైపు చోటు వదలండి. అగ్ని మూల కాబట్టి నాన్నగారూ సంతోషిస్తారు. కిలోవాట్‌కి వంద చదరపు అడుగుల చొప్పున ఖాళీ ఉంచి, పైనుంచి మీటర్ల బోర్డు దాకా ఒక ఖాళీ పైపు ఇప్పుడే వేయించండి. కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్య ఘర్ కింద అపార్ట్‌మెంట్ల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కి 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. లిఫ్టు, మోటారు కరెంటు బిల్లు సోలార్‌తో చాలావరకు తగ్గుతుంది. మిగిలిన డాబాకు ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ పెయింటు వేయించండి. తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ పాలసీ కూడా వచ్చింది.

జవాబు (ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ):
ఇంకుడు గుంత దగ్గర మేం మోసపోయాం, మీరు జాగ్రత్త అన్నా. మాకు చూపించింది నాలుగడుగుల గుంత, పైన నున్నటి గులకరాళ్ళు. మొదటి వానకే నిండి స్టిల్టులోకి నీళ్ళొచ్చాయి. తవ్వి చూస్తే ఇసుక పొర మీద సిమెంటు పాలు గడ్డకట్టి పలకలా తేలింది. పని జరుగుతున్నప్పుడు మేస్త్రీలు తట్టలు కడిగిన నీళ్ళన్నీ అందులోకే పోశారట.

లెక్క చెప్తా. మీ డాబా 3,000 చదరపు అడుగులనుకుందాం, అంటే 280 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్ళు. 50 మిల్లీమీటర్ల వాన ఒక్కటి కొడితే 14,000 లీటర్లు. పొడవు, వెడల్పు, లోతు నాలుగేసి అడుగులున్న గుంత ఖాళీగా ఉంటేనే 1,800 లీటర్లు పడుతుంది, రాళ్ళు నింపాక 700 మిగిలితే గొప్ప. అందుకే డాబా నీళ్ళు ముందు ఫిల్టరు దాటి సంపులోకి రావాలి, పొర్లినవే గుంతలోకి పోవాలి. మనవైపు ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్లు కురుస్తుంది. అయిదో వంతు పోయినా 1.8 లక్షల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 36. ఏడాదికంతా చాలవు గానీ ఆ డబ్బు మీ జేబులోనే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
గుంత పని చివర్లో తవ్వమని చెప్తాను అన్నా. స్నానాల నీళ్ళు ఫ్లష్‌కి వాడొచ్చంటున్నారు, 12 ఫ్లాట్లకి అంత అవసరమా?

సివిల్ ఇంజనీర్:
శుద్ధి యంత్రం ఇప్పుడే కొనక్కర్లేదు. దాన్ని రోజూ చూసుకునే మనిషి లేకపోతే ఆర్నెల్లకి మూలన పడుతుంది. కానీ బాత్రూము నీళ్ళకి, మరుగుదొడ్డికి వేరు వేరు పైపులు, ఫ్లష్‌కి విడిగా ఒక లైను ఇప్పుడే వేయించండి. తర్వాత కావాలంటే టైల్స్ పగలగొట్టాల్సిందే. ఇంకోటి, బిల్డరు నోటితో సరేనన్నవన్నీ అగ్రిమెంటు వెనకుండే స్పెసిఫికేషన్ల పేజీలో రాయించండి. మెట్లు ఎటు, జాలీ ఎన్ని అడుగులు, పైపులు ఎన్ని, సంపు ఎన్ని లీటర్లు. ఆ పేజీ మీదా ఇద్దరి సంతకాలు ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
ఆదివారం ఆర్కిటెక్టుతో కూర్చుంటున్నాం. మార్చిన ప్లాన్ రాగానే ఇక్కడే పెడతాను, ఒకసారి చూసిపెట్టండి సార్.